కూతకెళ్ళేవాడు

మా జట్టులో పట్టేవాళ్ళకి కొదవలేదు.
గుంటూరు మిరప యార్డులో
తెల్లారుజాము నించీ టిక్కీలు మోసే చేతులు,
నలభై అయిదు కిలోల తేజ బస్తాని
లారీ మీదికి గిరాటేసే చేతులు.
చీలమండ దొరికిందా, వదిలేది లేదు.
నేను ఎడమ మూల. ఈ పద్నాలుగేళ్ళలో
ఎంతమంది చేత మట్టి కరిపించానో లెక్కలేదు.
లేనిదల్లా ఒక్కడే,
గీత దాటి వెళ్ళి
వెనక్కి వచ్చేవాడు.

జాన్‌సైదా ఉండేవాడు.
వాడు కూతకెళ్తే బయట కూర్చున్నవాళ్ళు
తాపీగా బీడీలు ముట్టించుకునేవాళ్ళు.
అంత ధీమా.
ఏటుకూరు పందెంలో వాడి మోకాలు టక్కుమంది.
మైకు హోరులో కూడా
ఆ చప్పుడు నాకు వినపడింది.
ఇప్పుడు కోల్డ్ స్టోరేజి గేటు దగ్గర చీటీలు రాస్తున్నాడు,
కుడికాలు చాపుకుని.
దారిన పోయేవాళ్ళు దాన్ని దాటుకుని పోతారు.

వెతికాం.
నల్లపాడు నించి అంకారావు తోడల్లుణ్ణి తెచ్చాం.
పులిలా వెళ్ళాడు, ముగ్గుర్ని తాకాడు,
గీత జానెడు దూరంలో ఉండగా దగ్గొచ్చింది.
యార్డు గాలికి మొహమాటం లేదు,
కొత్తవాడి గొంతులో మఠం వేసుకుని కూర్చుంటుంది.
కూత తెగితే మనిషి తెగినట్టే.
వెంగళాయపాలెం కాలేజీ కుర్రాడొకడు,
బూట్లే ఆరువేలట. తొడ బాగా కొడతాడు.
రైల్వేలో చేసే ఒకాయన రోజుకి మూడొందలడిగాడు,
బిర్యానీ అడిగాడు,
బిర్యానీ తిన్నాడు, రాలేదు.
కాకుమాను వాడి సంగతి చెప్పను.
వాడు మా మేనత్త కొడుకు.

ఫిబ్రవరి నెలాఖరు. యార్డంతా ఎరుపు,
మూతికి తువ్వాలు కట్టనివాడు లేడు.
కాటా దగ్గర ఇస్సాకు బస్తాలు లెక్కపెడుతున్నాడు.
ముప్పై తొమ్మిదేళ్ళ బక్కమనిషి,
క్యాంటీన్‌లో చిల్లర తక్కువిచ్చినా అడగడు.
దొంతరల మీద వేలు ఆడిస్తూ
"లాభం, రెండు, మూడు..."
ఒకటి అనడు. వాళ్ళ నాన్నా అనలేదట.
టీ గ్లాసు పట్టుకుని నేను ఊరికే వింటున్నాను.
నలభై రెండు, నలభై మూడు,
ఊపిరి తియ్యలేదు.
అరవై దాటింది.
టీ మీద మీగడ కట్టింది.

"చెడుగుడు ఆడతావా?" అన్నాను.
"పిల్లలున్నారు" అన్నాడు.
"నాకు మాత్రం లేరా?"
కాసేపు ఆలోచించి, "రాత్రి కాటా అయ్యాక" అన్నాడు.

తొమ్మిదో షెడ్డు వెనక ముగ్గుపిండితో గీత గీశాం.
లారీ హెడ్‌లైట్లే దీపాలు.
చర్చి గుమ్మం దగ్గర విడిచినట్టు
చెప్పులు పక్కపక్కన సర్దిపెట్టి వచ్చాడు.
కబడ్డీ కబడ్డీ అనడానికి నోరు తిరగలేదు,
లాభం రెండు మూడు నాలుగు అంటూ దిగాడు.
నేను చీలమండ కోసం దూకాను.
లేదు.
దుమ్ము దొరికింది.
మా కుడిమూల మస్తాను కూడా పడుకుని ఉన్నాడు,
వాడి చేతుల్లోనూ ఏం లేదు.
ఇస్సాకు మధ్యగీత మీద నిలబడి
"ముప్పై ఒకటి" అని ఆపి
తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

ఎవర్నీ తాకలేదు.
మళ్ళీ పంపాం, మళ్ళీ అంతే.
ఏడుసార్లు. ఒక్క పాయింటు రాలేదు.
ఏడుసార్లూ మనిషి మాత్రం వచ్చాడు.

"లెక్కలోణ్ణి పంపితే సున్నాలు తెచ్చాడ్రా"
అని మావాళ్ళు పడీపడీ నవ్వారు.
జాన్‌సైదా నవ్వలేదు.
బస్తా మీంచి కుంటుకుంటూ దిగి
ఇస్సాకు చెయ్యి పట్టుకుని వేళ్ళు విడదీశాడు.
"వెళ్ళేటప్పుడు కాదు అన్నా,
వచ్చేటప్పుడు. అడుగు వెనక్కి పడే ముందు
ఈ రెండు వేళ్ళు, ఇదిగో, ఇలా..."
బస్తా మీద ఈగని తోలినట్టు
తన భుజమ్మీదే తాకించుకుని చూపించాడు.
ఇస్సాకు వేళ్ళ సందుల్లో కారం,
జాన్‌సైదాకి తుమ్మొచ్చింది.

పెదనందిపాడు పందెం ఆదివారం.
వరసగా రెండు కూతలు ఖాళీగా వస్తే
మూడోదానికి తాకి తీరాలి, లేకపోతే అవుటే.
ఆ రూలు ఇస్సాకుకి ఇంకా ఎవరూ చెప్పలేదు.
చెప్తే అడుగు తడబడుతుందేమో.
చెప్పకపోతే...
వాళ్ళిద్దరూ హెడ్‌లైటు వెలుగులో
వేళ్ళు ఆడించుకుంటున్నారు.
జేబులో బీడీ ఉంది.
ముట్టించలేదు, ఇంకా.