దయ్యం చేప

వల ఎత్తితే బరువే.
ఓదెలు మొఖం చిన్నబోయింది.
మళ్ల గవే: ఒళ్లంత పెంకు, రెక్కలకు ముండ్లు.
పరకల్లేవు, ఒక్క కొర్రమట్ట పిల్ల లేదు.
వలకు పడ్డ తూట్లు కుట్టుకుంటనే
ఎండకాలం ఒడిసింది.

గట్టు మీద పారేస్తే కుక్కలు గూడ ముట్టలే.

లసుమక్క ఊకోలే.
తుమ్మమొద్దు నిప్పులల్ల బోర్లేసి కాల్చింది,
పెంకు పగలగొట్టింది,
రోట్లె నూరిన ఎల్లిగడ్డ కారం, చింతపులుసు.
"తినుండ్రి, మన చెరువును తిన్నదాన్ని!"

హసన్‌పర్తి కట్ట మీద
పదిహేను రోజులల్ల గిరాకి లేసింది.
కిలో నలభై. అరవై. తొంభై.

నిన్న సంఘం మీటింగుల ఎవలో అన్నరు:
"వానలకు దీని పిల్లల్నే ఇడుద్దామా?"

లసుమక్క గంటె ఆగింది.

ఇయ్యాల పులుసుల
కావాలనే ఉప్పెక్కువేసింది.