సంగపుది

నెలనెలా ఐదో తారీఖు
అంగన్‌వాడి వరండల చాప పరుస్త.
బుక్కు అట్ట మీద నా అక్షరమే.
"సంగం కట్టినవా?" అంటే
నకిరేకల్ పక్కకు మా ఊర్ల
ఇప్పుడు ఒక్కటే అర్థం:
పన్నెండు వందల కిస్తి.
పత్తి చేన్లకెల్లి లేచొస్తరు ఆడోళ్లు,
వేళ్ల నిండ కాయ గీరిన గీతలు,
ముద్ర పెడితే మిషను గుర్తుపట్టదు.

ఇదే మాట
మా నాయినమ్మ ఈదమ్మ నోట్లె
గుసగుస.
ఆమె పెద్దన్న జానయ్య
అణా ఇచ్చి సంగం చీటి తెచ్చుకున్నడంట,
జొన్నగుమ్మిల దాచిండంట.
ఇంట్ల ఎవ్వలకు చదువు రాదు.
అయినా రాత్రుల్ల గుమ్మి మీద చెయ్యేసి పండేటోడంట,
బాలింత పక్కల బిడ్డను తడిమినట్టు.
ఒకనాడు తెల్లారి వెట్టికి పిలిస్తే
"రాను" అన్నడు.
రెండక్షరాలు.
ఆనాటి నుంచి ఆయనకు పేరు లేదు.
సంగపోడు.

మిలిట్రీ లారీలొచ్చినప్పుడు
మొగోళ్లందర్ని వరుసల నిలబెట్టి
అదొక్కటే అడిగిన్రంట:
నువ్వు సంగపోనివా, కాదా.
మూసి ఒడ్డుకు తంగేడు పొదల్ల
తుండుగుడ్డ దొరికింది.
చీటి దొరకలె.
ఎలుకలు తిన్నయో, నాయినమ్మ మింగిందో,
ఆమె ఎన్నడు చెప్పలె.

తర్వాత
మనిషి లేకుండనే మాట బతికింది.
తిట్టయి బతికింది.
కల్లుబాకి ఎగ్గొట్టినోడు సంగపోడు.
కూలి చాలదని పార కింద పెట్టినోడు సంగపోడు.
ముకుతాడు తెంపుకున్న కోడె కూడ.
పప్పు వద్దని కంచం తోస్తే
"ఏం సంగపుదానివే నువ్వు!" అని
మా అమ్మ నా వీపు చరిచి నవ్వేది.
చానా రోజులు
అది నా ముద్దుపేరే అనుకున్న.

ఇగ కులానికో సంగం, దానికో రేకుల షెడ్డు.
యూత్ సంగానికి క్రికెట్ కిట్టు.
మాకు బ్యాంకోళ్లు రబ్బరు సీలు చేయించిన్రు,
ఊదారంగు ముద్ర,
అంచులు ఎప్పుడు అలుక్కపోతయి.

మొన్న ఐదో తారీఖు
తెల్ల చొక్క ఒకాయన కుర్చి అడిగి కూసున్నడు.
నల్లగొండల మీటింగు, రెండు బస్సులొస్తయి,
సంగమోళ్లంత ఒక్కతీరు చీరలల్ల రావాలె,
రానోళ్ల లోను సంగతి చూడాల్సొస్తది.

చాప మీద ఎవ్వలు కదల్లె.
సీతాఫలం గింజ ఉమ్మి
గోడ పట్టుకొని లేచింది మేడి అంజవ్వ,
బోరునీళ్లకు మోకాళ్లు వంగిన మనిషి,
లేచేసరికి చానాసేపు పట్టింది.
"నా కిస్తి నేను కడుతున్న.
నీ బస్సు నేనెందుకెక్కాలె?"

"ఎవల్రా ఈ సంగపుది!" అన్నడాయన.

ఒడిల బుక్కు, బుక్కు మీద సంగం.
చేతిల సీలు, సీలు మీద సంగం.
ముందు ఎవలు నవ్విన్రో తెల్వదు.
పదమూడు మందిమి, పొట్టలు పట్టుకొని.
ఎందుకు నవ్వుతున్నమో ఆయనకు అర్థం కాలె.
నిజం చెప్పాలంటే
మాక్కూడ సగమే అయింది.
నాకు మటుకు
జొన్నగుమ్మి వాసనొచ్చింది, ఎన్నడు చూడని గుమ్మి.

"తీర్మానం కాలంల ఏం రాయాలె?" అన్న.
"అన్నదే రాయి" అన్నది అంజవ్వ.
రాసిన, ఒక్క మాట:
రాము.
కింద పదమూడు ముద్రలు.

సోమవారం బ్యాంకుల
కొత్త సారు అద్దాలు సర్దుకొని అడిగిండు:
"రాము ఎవరమ్మా?
కొత్త మెంబరా?"