ఏడు ఫిల్ములు

మాన్సా బస్టాండు వెనక, దాణా కొట్టు పక్కన
నా ఎక్స్-రే గది.
ఊపిరి బిగబట్టండి అని రోజుకి నలభై సార్లు అంటాను.
జస్మేల్ కౌర్‌తో ఆ మాట అనలేకపోయేవాణ్ణి.
బిగబట్టడానికి ముందు అది దొరకాలి కదా ఆవిడకి.

నలభై ఒక్క ఏళ్ళు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం.
గోధుమ కోతలయ్యాక పొట్టుని గుమ్మటంలా పేర్చి
చలికాలంలో దానికి కన్నం పెట్టి
గంపలతో తీసి గేదెలకి వేస్తుంది.
గుమ్మటం లోపల తడి. తడిలో వెచ్చదనం.
వెచ్చదనంలో బూడిదపచ్చ బూజు,
తట్టితే పొగలా లేచేది.
ఆ పొగ ఊరంతా పీల్చింది. నేనూ పీల్చాను.

మొదటి ఫిల్ములో మరక కుడివైపు పైన.
క్షయ అన్నారు. ఆరు నెలల మందులు.
మూత్రం నారింజ రంగుకి తిరిగింది.
ఆవిడ గ్లాసు వేరే గూట్లోకి వెళ్ళింది,
కొడుకు నిషాన్ వేరే మంచానికి.

రెండో ఫిల్ములో మరక లేదు. మిఠాయి పంచారు.
మూడోదాంట్లో ఎడమవైపు తేలింది.
నాలుగోదాంట్లో మళ్ళీ కుడివైపే, కానీ కింద.
క్షయ ఇలా ఇళ్ళు మారుతుందా అని అడగాలనిపించింది.
మెషీను నడిపేవాడు అడిగే ప్రశ్న కాదది.
కవర్లో పెట్టి ఇచ్చేశాను.
ఇందులో నా వాటా అది.

మళ్ళీ మందులు, ఈసారి సూదులతో.
రాత్రిళ్ళు పిల్లికూతలు గోడ దాటి వినిపించేవట.
సాయంత్రానికి జ్వరం, నడుం మీద నిలవని సల్వారు,
ఎప్పుడైనా రుమాల్లో ఒక నెత్తుటి చార.
ఒక తెల్లవారుజామున దగ్గి దగ్గి
కళ్ళె ఊడిపడింది:
గోధుమ రంగు, రబ్బరులా, చిన్న కొమ్మలతో,
లోపలి గొట్టానికి అచ్చు తీసినట్టు.
అగ్గిపెట్టెలో దాచింది.
ఎందుకని తరవాత అడిగితే
"నాలోంచి వచ్చింది కదా, పారేయబుద్ధి కాలేదు" అంది.

చండీగఢ్‌లో డాక్టర్ ఇష్మీత్ రిపోర్టులు ముట్టుకోలేదు.
ముందు అగ్గిపెట్టె తెరిచింది.
తరవాత పాత ఫిల్ములన్నీ తెమ్మంది, తారీఖుల వరసలో.
ఆరే ఉన్నాయి.
ఏడోది నిషాన్ దగ్గర దొరికింది, ఒక మూల కత్తిరించి.
గ్రహణం రోజున ఊరి పిల్లలంతా
వాళ్ళమ్మ ఊపిరితిత్తుల్లోంచి సూర్యుణ్ణి చూశారు.

షాపు మూసి నేనూ వెళ్ళాను.
ఏడింటినీ లైటు మీద వరసగా పెట్టింది.
మరకలు నడిచాయి, గుడారాలు ఎత్తేసి
ఇంకోచోట వేసుకునే సంచారుల్లా.
స్కానులో, గుండెకి దగ్గరగా
గొట్టాలు సాగి వెడల్పై, కఫం కూరుకుని,
చేతితొడుగులో వేళ్ళలా ఉన్నాయి.

ముంజేతి మీద ఒక చుక్క, ఒక సూదిపోటు.
ఇరవై నిమిషాల్లో పావలా బిళ్ళంత దద్దురు.
నెత్తురులో వందల్లో ఉండాల్సిన అంకె వేలల్లో ఉంది.
"బూజు నిన్ను తినెయ్యడం లేదమ్మా,
నీ ఒళ్ళే దాన్ని చూసి బెదిరిపోయింది" అంది డాక్టరు.
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.
పిచ్చుకకేమీ కాలేదు.
అది వాలిన కొమ్మ కాలింది.

ఇక స్టెరాయిడ్ మాత్రలు, బూజు మందు.
ముఖం గుండ్రంగా ఉబ్బింది.
అర్ధరాత్రి లేచి నాలుగు రొట్టెలు తినేదట.
పదో వారంలో నా గదికి వచ్చింది.
ఊపిరి బిగబట్టండి అన్నాను.
బిగబట్టింది.
నేను బటను నొక్కడం మర్చిపోయాను.
ఆవిడే ఆగలేక వదిలేసి నవ్వింది.
మళ్ళీ తీశాం.

మరక లేదు. సాగిన గొట్టాలు మాత్రం సాగినట్టే ఉంటాయట.
తగ్గింది అన్నారు గానీ పోయింది అనలేదు.
రెండు నెలలకోసారి ఆ అంకె చూపించుకోవాలి.

గ్లాసుని అత్త తనే తెచ్చి అందరి గ్లాసుల్లో కలిపింది.
జస్మేల్ మళ్ళీ తీసుకెళ్ళి ఆ గూట్లోనే పెట్టింది.
ఈ ఏడు గుమ్మటానికి కన్నం పెట్టింది అత్త,
ముక్కుకి చున్నీ రెండు చుట్లు చుట్టుకుని.