వాగు ఉన్నచోట ఖాళీ

మ్యూకర్ ఊరికి పైన, గొర్రెల దారి మలుపులో
ముక్కాలి మీద లేజర్‌ని నిలబెట్టి
బుడగ నడిమికి వచ్చేదాకా మరలు తిప్పుతున్నాను.
బురదలో ఒక కాలు దిగబడుతూనే ఉంది.

మూడడుగుల వెడల్పు వాగు.
ఇక్కడివాళ్లు బెక్ అంటారు.
పాత పటంలో దానికి నీలిగీత కూడా దక్కలేదు,
గీసినవాడి పాళీ అంతకంటే లావు కాబోలు.

టామ్సిన్ రాళ్లకి మేకులు కొట్టి
వాటి మీద తెల్ల బంతులు గుచ్చింది.
ఏవి కదిలినా అవి కదలకూడదు.
ఒక గొర్రె వచ్చి ఒకదాన్ని నాకి
రుచించక వెళ్లిపోయింది.

మీట నొక్కాను.
సెకనుకి లక్ష చుక్కలు.
రాతికి తగిలి ఒకటి, నాచుకి తగిలి ఒకటి,
తుంగ కొసకి తగిలి, ఉందని చెప్పడానికి వెనక్కి ఒకటి.
నీళ్లు మాత్రం బదులివ్వవు.
వచ్చిన వెలుగుని మింగి ఊరుకుంటాయి.

సాయంత్రం తెరమీద
రాళ్లన్నీ ఉన్నాయి, గట్టుకోత ఉంది,
వేళ్ల కింద తొలిచిన గుల్ల ఉంది,
మధ్యలో వంకరటింకరగా నలుపు.
అదే వాగు.
కోటి చుక్కల్లో
నీటిచుక్క ఒక్కటీ లేదు.

ఆ మధ్యాహ్నమే హిల్డా ఆల్డర్సన్ అడ్డం వచ్చింది,
చేతిలో మేత బకెట్టు.
"దీనికింత సామానా?
ఎక్కడెంత లోతో నా బూట్లకి తెలుసు,
అడిగితే చెప్పేవి."
తప్పుకోమనేలోపే లేజర్ ఆమెని దాటింది.
ముందువైపే పడింది:
టోపీ, ముక్కు, బకెట్టు. వీపు లేదు.

మా లెక్కలో మనుషులు చెత్త,
ఏరి పారేయాలి.
గొర్రెని తుడిచాను. కంచెమీది కాకిని తుడిచాను.
హిల్డా దగ్గరికొచ్చేసరికి
టీ చల్లారిపోతోందని లేచాను.

నవంబరులో రెండు రాత్రుళ్లు తెరిపి లేని వాన.
మళ్లీ వెళ్లాం.
ముక్కాలిని పాత చోటే పెట్టాలి,
పాత చోటే లేదు.
మేకుల్లో మూడు మిగిలాయి, ఆ మూడింటినీ పట్టుకుని
అప్పటి చుక్కల మీద ఇప్పటి చుక్కలు పరిచాను.
పోయిన మన్ను ఎరుపు, చేరిన ఇసుక నీలం.

గట్టు రెండు గజాలు వెనక్కి జరిగింది.
ఆమె జరగలేదు.
బకెట్టు పట్టుకుని, వీపు లేకుండా,
ఎర్రటి గాలిలో నిలబడి ఉంది.

ఆమె వంటింటి బల్లమీద, వెన్నగిన్నె పక్కన
లాప్‌టాప్ తెరిచి చూపించాను.
కళ్లద్దాలు వెతుక్కుని వంగింది.
కాళ్ల కింద నేల లేని సంగతి ఎత్తనే లేదు.
"ఆ బకెట్టు," అంది, "అక్కడే మర్చిపోయా.
వాగు పట్టుకుపోయింది.
కింద ఎక్కడో తట్టుకునుంటుంది,
మీ యంత్రానికి కనబడితే చెప్పమను."

రేపు దిగువకి పోతున్నాం.
నోట్సులో స్టేషన్ నాలుగు అని రాసి,
ఎత్తు, వంపు, ఉష్ణోగ్రత అన్నీ నింపి,
చివరి గడిలో:
నీలం బకెట్టు. పిడికి తాడు కట్టి ఉంటుంది.