సగం మోతాదు

తొంభై గ్రేలు పడాలి.
నలభై పడగానే కరెంటు పోయింది.

బోబో-జులాసో, ఏప్రిల్ ఉక్క.
ఎక్స్-రే పెట్టె ఒక్కసారి మూలిగి ఊరుకుంది.
లోపల తడి కాగితం మీద
మూడొందల మగ ప్యూపాలు, కామాల్లా వంగి,
ఇంకా దోమలు కాని దోమలు.

జనరేటర్లో డీజిల్ లేదు.
లస్సినా డబ్బా పట్టుకుని సైకిలెక్కాడు.
మూడు గంటల పది నిమిషాలు
పెట్టె మీద చెయ్యి వేసి కూర్చున్నాను,
జ్వరం పిల్లాడి పక్కన కూర్చున్నట్టు.
వాటికి సంతు లేకుండా చెయ్యడం నా ఉద్యోగం.

కరెంటు వచ్చాక మిగతా యాభై పోశాం.
పారెయ్యమన్నారు డాక్టర్ బామోగో.
నేను పారెయ్యలేదు. వేరే బోనులో పెట్టి
మూత మీద 'చెడిపోయినవి' అని రాశాను.

ఒక్క దెబ్బలో తొంభై తిన్నవి
పన్నెండో రోజుకి బోను అడుగున పొట్టులా రాలాయి.
చెడిపోయినవి పంతొమ్మిదో రోజున కూడా
చక్కెర నీళ్ళ దూది చుట్టూ సన్నగా గీ పెడుతున్నాయి.
వాటితో కలిసిన ఆడవి ఆరొందల పన్నెండు గుడ్లు పెట్టాయి.
వడపోత కాగితం మీద ఒక్కొక్కటీ సూదిమొన పడవ.
తొమ్మిది పిగిలాయి.

డాక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"మధ్యలో ఊపిరి తీసుకోనిచ్చాం. కుట్టుకున్నాయి."
"ఏం కుట్టుకున్నాయి?" అన్నాడు లస్సినా.
"లోపల తెగిందేదో."

ఇప్పుడు కావాలనే ఆపుతున్నాం.
రెండు విడతలు, మూడు, ఐదు.
మధ్యలో గంట, ఆరు గంటలు, ఒక రాత్రి.
ఎంత ఆగితే బతుకుతాయి? ఎంత ఆగితే కంటాయి?
మాకు కావలసిన మగవాడు
బాగా ఎగరాలి, ఆడదాన్ని ఒప్పించాలి,
వట్టి చేతులతో పోవాలి.

నా జేబుకి ఒక బిళ్ళ ఉంటుంది.
మూడు నెలలకోసారి వాగడూగు వెళ్ళి
సున్నా రాయించుకుని వస్తుంది.
మా అత్తగారు సెటుకి చదువు రాదు, సున్నా తెలుసు.
"ఐదేళ్ళు ఆ పెట్టె పక్కన కూర్చున్నావు,
నీ కడుపులోనూ అదే" అంది మొన్న,
గిన్నెలో జొన్న ముద్ద వేస్తూ.
నేను బిళ్ళ చూపించాను.
ఆమె నా వంక చూసింది. యాకూబా గిన్నె వంక చూశాడు.
క్లినిక్ వాళ్ళు అతనికిచ్చిన చిన్న సీసా
ఇంకా అల్మారాలోనే ఉంది, మూతకి దుమ్ము పట్టి.
మూడొందల మగవాళ్ళ సంగతి నోట్సులో రాయొచ్చు,
ఒక్కడి సంగతి అడగకూడదు.

ఈ రాత్రి ఐదు విడతల తట్ట.
నాలుగొందల నలభై గుడ్లు, ఒక టార్చి లైటు.
కరెంటు మళ్ళీ లేదు.
రెండు పిగిలాయి. నియమం ప్రకారం వేడినీళ్ళు పోయాలి,
కెటిల్ ఎలాగూ కాగదు.
మూడోది కదిలిందో
నా ఊపిరికి నీరే కదిలిందో.
పెన్సిల్‌తో రెండు అని రాసి
పక్కన జాగా వదిలాను.