స్టోరేజీ ఫుల్

రాత్రి పదకొండున్నర.
ఏడు రోడ్ల జంక్షన్లో షట్టరు సగం దించి
పింగు చూసుకుంటాను.
రెండొందల పది.
అంటే, నేను తూటా పేల్చిన సంగతి
సర్వరుకి తెలిసేలోపు
నన్ను చంపినవాడు నీళ్లు తాగి మూతి తుడుచుకుని ఉంటాడు.

ఓడితే నెట్‌వర్కు, గెలిస్తే నా వేళ్లు.
ఈ లెక్కలో మాత్రం గేమర్లందరిదీ ఒకటే కులం.

పగలు నాది మొబైల్ రిపేరు.
కాలేజీ గుంటలు పగిలిన అద్దాలు తెస్తారు.
"బైకు మీంచి పడిపోనాదన్నా."
బైకు మీంచి పడింది మూల నుంచి పగుల్తుంది,
గోడకేసి కొట్టింది మధ్యలోంచి.
నేనేం మాటాడను.
"ఏ ర్యాంకులో ఉన్నావురా" అంటాను, అంతే.
వాడి కోపమే నా బోణీ.

ఫోన్లు లేని రోజుల్లో
పాలకొండ రోడ్డులో కూర్మారావు గది ఉండేది.
మూడు టీవీలు, అరగంటకి మూడు రూపాయలు,
ఒక్కో రిమోటుకి ఒక్కో రోగం.
ఒకదానికి ఎడమకి పోవడం రాదు.
అది చేతికొచ్చిన రోజు
వెనక్కి తిరిగే పనిలేని ఆటే ఎంచుకోవాలి.
క్యాసెట్టు మీద తొమ్మిది లక్షల ఆటలని రాసుండేది.
తిప్పి తిప్పి చూస్తే పదకొండే,
మిగతావన్నీ అవే, చొక్కా రంగు మార్చుకుని.
ఇప్పుడు నాలుగొందలు పోసి నా బొమ్మకి
కొత్త కోటు కొంటుంటే ఆయనే గుర్తొస్తాడు.

టైమైపోతే వెనకనించొచ్చి ప్లగ్గు పీకేవాడు.
కానీ ఆఖరి రాక్షసుడి దాకా వెళ్లినోడి
భుజం మీద చెయ్యేసి
"కానీ, కొట్టీరా" అని నిలబడిపోయేవాడు.
ఆ రాక్షసుణ్ణి నేను పూర్తిగా చూళ్లేదు.
కొమ్ములు కనబడేసరికి కరెంటు పోయేది.
వాడికి కాళ్లున్నాయో లేవో ఇప్పటికీ తెలీదు.

తిత్లీ తుఫానప్పుడు
జనరేటరు దగ్గర ఫోనుకి ఇరవై రూపాయలు,
గంట సేపు లైను.
అందరూ చుట్టాల కోసం నింపుకున్న చార్జింగు
నేను ఇటుకలు పేర్చే ఆటకి పోశాను, సిగ్గు లేకుండా.
చీకట్లో మా అమ్మ "ఇలగియ్యి ఒకపాలి" అని లాక్కుంది.
పద్దెనిమిది వేల స్కోరు.
ఆ రికార్డు ఈరోజుకీ నాది కాదు.

టైమ్ వేస్టని మా బావ అంటాడు.
ఆయన రోజూ మూడు గంటలు
టీ కొట్టు దగ్గర నిలబడి మంత్రివర్గం మారుస్తాడు.

మా జట్టులో ముగ్గురం.
లోకనాథం లారీ క్లీనరు,
సాలూరు ఘాట్లో మలుపు మలుపుకీ బిగుసుకుపోతాడు.
అప్పుడు వాణ్ణి గోడలా వాడుకుని వెనక దాక్కుంటాం.
మూడోది పలాస మనిషి. ఆటలో పేరు నీలిమంట77.
అసలు పేరు అడగలేదు, చెప్పలేదు.
జీడిపప్పు ఫ్యాక్టరీలో పని.
"జీడి నూనెకి వేళ్లు పొరలు లేచిపోనాయి.
ఫోను నా వేలిముద్ర పోల్చుకోట్లేదన్నా" అని నవ్వేది.
పిన్ను కొట్టుకుని లోపలికొచ్చి
నాలుగొందల మీటర్ల నుంచి తలకాయ ఎగరగొట్టేది.

మొన్న మెసేజీ పెట్టింది:
"స్టోరేజీ ఫుల్ అన్నా.
పాపకి టెన్త్ పాఠాల వీడియోలు ఎక్కించాల.
గేము తీసీసినాను.
పరీచ్చలయ్యాక వస్తాను,
నా తుపాకీ ఎవులికీ ఇయ్యకండేం."

ఆమె చోట్లో ఇప్పుడు ఎవరో పిల్లాడు పడుతున్నాడు.
హిందీలో తిడతాడు.
మధ్యలో వాళ్లమ్మ కేకేస్తుంది,
అన్నానికేనని భాష రాకపోయినా తెలుస్తుంది.
"దో మినిట్" అంటాడు.
అందరం అన్నదే.

రోజూ పదిమందికి ఫోను ఖాళీ చేసిస్తాను.
ఏం తీసెయ్యమంటారండీ అంటే
ముందు గేము మీదే వేలు పెడతారు.
నొక్కేముందు
వాళ్ల లెవెల్ ఎంతో ఒకసారి చూస్తాను.
అది నా జీతంలో లేని పని.

తుపాకీ లాకర్లో పెట్టాను.
పింగు నూట ఎనభైకి దిగింది.
ఒక్క మ్యాచు. ఒక్కటే.