ముప్పై ఏడో వాగు

కంపెనీ పటంలో బారం నది ఎగువంతా తెల్లగా ఉంది.
ఎవరూ లేని చోటని రాసుకున్నారు.

సెలాయ్ కెమెరా భుజానికెత్తింది.
ఎదురుగా నాయనమ్మ లెజెంగ్, సాగో మొద్దు మీద,
వేళ్లు మడుస్తూ వాగుల పేర్లు చెబుతోంది:
కొడుకు పుట్టిన వాగు,
ఎలుగు నీళ్లు తాగే వాగు,
మొగుడు అలిగి మూడు రోజులు కూర్చున్న వాగు...

దూరంగా రంపం. మాటమాటకీ అడ్డొస్తోంది.
"మళ్లీ చెప్పనా?"
అక్కర్లేదు నాయనమ్మా, దాన్నీ ఉండనీ.

ముప్పై ఏడో వాగు దగ్గర బ్యాటరీ చచ్చింది.
ముసలామె చూసుకోలేదు. చెబుతూనే ఉంది.

మిరీ పట్నం కోర్టులో
తెర నల్లబడింది.
"అయిపోయిందా?" జడ్జి అడిగాడు.

వెనక బల్ల మీంచి ఎవరో దగ్గారు.
తర్వాత, పెనాన్ మాటల్లో,
ముప్పై ఎనిమిదోది.